కడుపు నిండిపోయింది పెద్దమ్మా

మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్న నా చెల్లెలి కూతురు నిరుడు వేసవి తరువాత క్రమంగా అన్నం మానేసింది. పప్పన్నం కలుపుకొని, కరివేపాకు ఏరి కంచం అంచున పెట్టి, మెతుకులను అటూ ఇటూ జరుపుతూ అరగంట కూర్చుని, రెండు ముద్దలైనా నోట పెట్టకుండా "కడుపు నిండిపోయింది పెద్దమ్మా" అని లేచి చెయ్యి కడుక్కునేది. లావైపోతానన్న మాట ఆ పిల్ల నోట ఒక్కనాడూ రాలేదు. అందుకే మేమూ, మేము చూపించిన వైద్యుడూ గ్యాస్ట్రిక్ అనుకున్నాం. ఎండోస్కోపీ అయింది, దిష్టి తీయడమూ అయింది. నాలుగు నెలలు గడిచి, నెలసరి ఆగిపోయాక, ఒక మానసిక వైద్యురాలు చెబితే గాని అది అనొరెక్సియా అని, అంటే సాధారణంగా లావవుతామన్న భయంతో ముడిపెట్టే, తిండి మానేసి చిక్కిపోయే మానసిక వ్యాధి అని తెలియలేదు.

హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 1993లో ఇలాంటి 70 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో సగానికి పైగా లావవుతామన్న భయం చెప్పనే లేదు. కడుపు ఉబ్బరమనో, ఆకలి లేదనో చెప్పారు. లావవుతామన్న భయం గురించే అడిగే పాశ్చాత్య దేశాల ప్రశ్నాపత్రాన్ని తెలుగులోకి మార్చి అడిగితే మా పిల్లలాంటివారు దొరకరని నాకు అప్పుడు అర్థమైంది.

చికిత్స లేని జబ్బు కాదిది. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకొన్న పద్ధతిలో, పిల్లలు కోలుకొనేదాకా తిండి బాధ్యత తల్లిదండ్రులే తీసుకొని, తరువాత కొద్దికొద్దిగా తిరిగి వారికే అప్పగిస్తారు. తప్పు ఎవరిదన్న విచారణ ఉండదు. అమెరికా ప్రభుత్వ నిధులతో 121 మంది కౌమారులపై జరిగి 2010లో వెలువడిన పరీక్షలో, చికిత్స ముగిసిన ఏడాదికి ఈ పద్ధతిలో 49 శాతం మంది పూర్తిగా కోలుకోగా, పిల్లలతో విడిగా మాట్లాడే పద్ధతిలో 23 శాతం మందే కోలుకున్నారు. మానసిక వ్యాధులలో అత్యధికంగా ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి గనుక ఆ తేడా చిన్నది కాదు. ఏ మందు అమ్ముడుపోయేందుకూ పనికిరాని ఇలాంటి పరీక్షకు ప్రభుత్వం కాక ఎవరు డబ్బు పెడతారు?

2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు ఎంచుకొన్న 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు. మన విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కోచింగ్ హాస్టళ్లలో వేలాది పిల్లలు మెస్ కంచం ముందు కూర్చుంటున్నారు, ఆ కంచంలో ఎంత మిగిలిందో చూసే తల్లి అక్కడ ఉండదు. ఆ తల్లి పని వార్డెన్ చేయగలరా, ఎంత శిక్షణ కావాలి, "కడుపు నిండింది" అన్న మాటను ఎప్పుడు అనుమానించాలి అన్నవి ఇక్కడే, తెలుగులోనే, ప్రభుత్వ నిధులతో తేల్చవలసిన ప్రశ్నలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇలాంటి అనుమానం ఉన్నవారు ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

చెల్లెలు విజయనగరం నుంచి వచ్చి మాతోనే ఉంటోంది. నిన్న రాత్రి పెరుగన్నం పూర్తి కావడానికి 50 నిమిషాలు పట్టింది. అంతసేపూ మా ఇద్దరిలో ఎవరమూ కంచం ముందు నుంచి లేవలేదు.