ఏటిగట్టు దారి: ఇసుకకు వాన కావాలి, బంకమట్టికి ఎండ కావాలి

ఈసారి కూడా దారి పూర్తిగా తొక్కలేకపోయాను. ఇసుక మేటలో దిగి సైకిల్‌ను తోసుకుంటూనే బయటపడ్డాను. వంతెన నుంచి లాకుల దాకా ఏటి వెంబడి 46 కిలోమీటర్లు. అందులో 42.5 కిలోమీటర్లు కరకట్ట మీదా, కాలువ గట్ల మీదా, బండిబాటల మీదా హాయిగా సాగిపోతాయి. ఎంతసేపు తొక్కినా ఎదురయ్యేది పొలానికి పోయే ట్రాక్టరో, గొర్రెల మందో అంతే. ప్రాణం తీస్తున్నవి మిగతా మూడున్నర కిలోమీటర్లే. పన్నెండో కిలోమీటరు దగ్గర మొదలయ్యే 2.1 కిలోమీటర్ల బంకమట్టి ఒకటి, పదిహేడో కిలోమీటరు దగ్గర 1.4 కిలోమీటర్ల ఇసుక ఇంకొకటి. ఈ రెండూ తప్పించుకోవాలంటే తొమ్మిది కిలోమీటర్లు లారీలు తిరిగే తారు రోడ్డు ఎక్కాలి. ఆ రోడ్డే ఎక్కేటట్లయితే ఇంత కష్టపడి ఈ దారి వెతకడం దేనికి? అందుకే దాన్ని లెక్కలోంచి తీసేశాను.

బాగా జరిగినవి ముందు చెప్పేస్తాను. సామాను కొంత ముందు చక్రం వైపుకు మార్చాక హ్యాండిల్ ఊగడం పోయింది. పాత తూము దగ్గర మ్యాపులో తెగిపోయి కనిపించే బాట నిజానికి కలిసే ఉంది. ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ ముక్క గీసి కలిపాను, ఇప్పుడు ఆ మ్యాపు చూసి దారి చెప్పే బీరౌటర్ కూడా అటే తీసుకుపోతోంది. సైకిల్‌కు తగిలించే ఓర్ట్‌లీబ్ సంచుల్లోకి చుక్క నీరు దిగలేదు. మూతి చుట్టి బిగించే సంచుల మీద నాకు ముందు నుంచీ గురి, జిప్పు ఉన్న సంచిని ఏటి గాలిలో ఎగిరే ఇసుకకు అప్పగించను.

ఇక ఇసుక సంగతి. నేను, సైకిల్, సామాను కలిపి 103 కిలోలు. ఒక్కో చక్రాన్నీ తూకం మీద నిలబెట్టి చూస్తే వెనక 64, ముందు 39. టైర్లు 43 మిల్లీమీటర్లవి. గట్టి బాట మీద తొక్కే 45 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) గాలితో పొడి ఇసుకలోకి దిగితే వెనక చక్రం 6 నుంచి 7 సెంటీమీటర్లు కూరుకుపోతోంది. పాత స్పోకు ఒకదాని మీద సెంటీమీటరుకో గీత పెట్టి, గాడిలో గుచ్చి కొలుస్తున్నాను. గొలుసును పెడళ్ల దగ్గర 26 పళ్ల చక్రం మీద, వెనక 34 పళ్ల చక్రం మీద వేసి నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పితే వచ్చే వేగం గంటకు ఆరు కిలోమీటర్లు. ఆ వేగంలో ముందు చక్రం ఎటు చూస్తే అటు పోతుంది. గంటకు 16 కిలోమీటర్ల ఊపుతో లోపలికి దూసుకుపోయి కూడా చూశాను, ఆ ఊపు ముప్ఫై, నలభై మీటర్లకే చచ్చిపోతోంది.

గాలి తగ్గిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. టైరు నేలను ఆనుకునే జాగా ఎంతో కావాలంటే చక్రం మీది బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే ఉజ్జాయింపుగా వచ్చేస్తుంది. 45 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 3.16 కిలోలు. 64 కిలోల బరువుకు 20 చదరపు సెంటీమీటర్లు. 25కు దించితే అదే 36 అవుతుంది. ముందు చక్రానికి 40 నుంచి 22కు దించితే 14 కాస్తా 25. గాడి లోతు మూడు సెంటీమీటర్లకు వచ్చింది. 1,400 మీటర్లలో 900 మీటర్లు కాలు కింద పెట్టకుండా తొక్కగలిగాను. చివరి 500 మీటర్లే మొండికేస్తోంది. అక్కడ మంద దిగే రేవు ఉంది. గిట్టలు రోజూ పైపొరను పొడి పొడి చేస్తాయి. దాంతో ఆ ముక్కలో ఇసుక లోతు కన్నా వదులుతనమే అసలు చిక్కు అనుకుంటున్నాను. స్పోకుకు రెండు చోట్లా తగిలే గట్టి అడుగు దాదాపు ఒకే లోతులో ఉంది, చక్రం మాత్రం రేవు దగ్గర రెట్టింపు దిగుతోంది. ఇంకా గాలి తీద్దామంటే, ఇసుక దాటగానే కట్ట వాలుకు పేర్చిన రాళ్లు బాట మీదికి జారి ఉన్నాయి. 22 కన్నా తగ్గితే రిమ్ము రాయికి తగిలే ప్రమాదం ఉంది. ముందు సంచుల్లోని బరువు వెనక్కి మార్చితే ముందు చక్రం తేలికపడింది కానీ, ఆ మేరకు వెనకది దిగబడింది.

అదే ఇసుక వాన వెలిసిన మర్నాడు పొద్దున చూడండి. 45 పీఎస్‌ఐతోనే వెళ్లినా గాడి సెంటీమీటరు కూడా పడలేదు. పదును మీదున్న ఇసుకలో రేణువుల మధ్య పలచటి నీటి పొర ఉంటుంది, దాని తలతన్యత వాటిని దగ్గరికి లాగి పట్టి ఉంచుతుంది. పూర్తిగా ఎండినా, పూర్తిగా మునిగినా ఆ పట్టు పోతుంది. ఇసుక నీళ్లను నిలుపుకోదు కాబట్టి ఆ పదును ఎక్కువ కాలం ఉండదు. ఎండ కాస్తే రెండో రోజుకే పై మూడు సెంటీమీటర్లు వదులైపోతుంది. రాత్రి కురిసే మంచు సరిపోతుందేమోనని తెల్లవారకముందే వెళ్లి చూశాను. తడిసింది కొద్ది మిల్లీమీటర్లే, చక్రం ఆ పొరను పగలగొట్టుకుని లోపలికి దిగింది.

మరి వాన పడ్డ మర్నాడే వెళ్తే సరిపోదా అంటే, అక్కడే బంకమట్టి అడ్డం వస్తుంది. ఎండిన రోజుల్లో ఆ 2.1 కిలోమీటర్లు సిమెంటు గచ్చులా ఉంటాయి. ఈ దారి మొత్తంలో నేను అత్యంత వేగంగా తొక్కేది అక్కడే. తడిస్తే మాత్రం 120 మీటర్లు దాటకుండానే ముందు చక్రం బిగుసుకుపోతుంది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న సందు 9 మిల్లీమీటర్లు. చక్రానికి అంటిన మట్టి ఆ సందులో పొర మీద పొర పేరుకుని, చివరికి టైరును బ్రేకులా పట్టేస్తుంది. ముందు మడ్‌గార్డులోంచి గీకి తీసిన మట్టిని సంచిలో వేసి తూచాను, 1.1 కిలోలు. మడ్‌గార్డు లోపలి వైపు నూనె రాస్తే మరో 60 మీటర్లు కలిసొచ్చాయి. మడ్‌గార్డులు విప్పేస్తే 400 మీటర్ల దాకా వెళ్లాను, ఆ తర్వాత వెనక చక్రం పక్కనున్న ఫ్రేము గొట్టాల దగ్గర పట్టేసింది, అక్కడి సందు ఐదు మిల్లీమీటర్లే. ఆ మట్టి వాన తర్వాత నాలుగైదు రోజులు గట్టి ఎండ కాస్తే తప్ప ఆరదు. అప్పటికి ఇసుక మళ్లీ పొడిబారి ఉంటుంది. రెండూ ఒకే రోజు కుదిరే వాతావరణం నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఈ రెండు ముక్కలూ అక్కడే ఉండటం యాదృచ్ఛికం కాదు. ఏరు వంపు తిరిగేచోట లోపలి ఒడ్డున ప్రవాహం నెమ్మదిస్తుంది, ఇసుక అక్కడే మేట వేస్తుంది. బయటి ఒడ్డు కోసుకుపోతుంది. వరద గట్టు దాటి పొర్లినప్పుడు కూడా బరువైన ఇసుక ఒడ్డు పక్కనే దిగిపోతుంది, సన్నటి బంక దూరంగా పోయి నీళ్లు నిలిచే పల్లంలో తీరిగ్గా పేరుకుంటుంది. నా బాట సరిగ్గా లోపలి ఒడ్డున ఇసుక మేట మీదుగా పోతుంది, అంతకు ముందు పూడిపోయిన పాత పాయను అడ్డంగా దాటుతుంది. మ్యాపులో రెండింటికీ ఒకే గుర్తు, ఉత్త మట్టి నేల, నాలుగో గ్రేడు (అంటే చాలా వరకు మెత్తటి) బాట అని. ఒకటి ఇసుక అనీ, రెండోది బంక అనీ విడదీసి నమోదు చేశాను. ఏటి దారులు గీసేవాళ్లు ఇంకేమి రాసినా రాయకపోయినా ఈ ఒక్కటీ తప్పక రాయాలని నా అభిప్రాయం. ఎత్తుపల్లాల చిత్రం చూసి నేలను అంచనా వేయడమూ కుదరదు. చాలా చోట్ల వాడే ఎత్తుల సమాచారం 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసినది, దాని గడి దాదాపు 30 మీటర్లు. ఐదారు మీటర్ల వెడల్పున్న కరకట్ట అందులో కనిపించనే కనిపించదు.

పేరున్న ఏటి దారులు చూస్తే ఈ చిక్కును ఎలా విప్పారో అర్థమవుతుంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 240 కిలోమీటర్ల గ్రేట్ అలెఘనీ పాసేజ్ పాత రైలు కట్ట మీద పోతుంది, పైన పరిచింది సున్నపురాతి పొడి. వాన నీరు ఇంకిపోతుంది, నేల గట్టిగానే ఉంటుంది. కంబర్లాండ్‌లో దానికి కలిసే సీ అండ్ ఓ కాలువ గట్టు దారి పోటోమాక్ నది పక్కనే 297 కిలోమీటర్లు వాషింగ్టన్ దాకా సాగుతుంది. పడవలను కంచర గాడిదలు లాగిన పాత బాట అది, మట్టి ముక్కల్లో వాన పడితే బురదే. ఒకే ప్రయాణంలో రెండు నేలలు! డాన్యూబ్ వెంట పస్సావ్ నుంచి వియన్నా దాకా ఉన్న దారి చాలా వరకు తారు బాటే, నున్నగా పోతుంది. సౌకర్యానికి దానికి మించింది లేదు. నాకు మాత్రం మనసు సున్నపురాతి పొడి మీదే.

టైర్ల విషయంలో ఒక నిర్ణయానికి వచ్చాను. ముళ్లున్న గట్టి దారికి ష్వాల్బే మారథాన్ ప్లస్ తిరుగులేనిది, పంచరు భయమే ఉండదు. కానీ ఇసుకకు కావలసింది గాలి తీస్తే ఇట్టే పరుచుకునే మెత్తటి పక్కలు, అందుకు పానారేసర్ గ్రావెల్‌కింగ్ వైపే నా మొగ్గు. ఈ ఫ్రేములో ఇప్పుడున్న 700సీ కొలత చక్రానికి 45 మిల్లీమీటర్లకు మించిన టైరు పట్టదు. కాస్త చిన్నవైన 650బీ చక్రాలు వేస్తే 50 పడుతుంది, డిస్కు బ్రేకులు కాబట్టి చక్రం మారినా బ్రేకుకు ఇబ్బంది లేదు. సైకిల్ 12 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, పెడలు రాళ్లకు తగులుతుందేమో చూసుకోవాలి. గాలి 18 పీఎస్‌ఐకి దించగలిగితే వెనక టైరు 50 చదరపు సెంటీమీటర్లు ఆనుతుంది. రేవు దగ్గరి 500 మీటర్లకు అది చాలునని నా నమ్మకం.

చక్రాలు వచ్చేలోపు ఇంకొకటి ప్రయత్నిస్తాను. వంతెన వైపు నుంచి బయలుదేరితే ముందు వచ్చేది బంకమట్టి, ఇసుక తర్వాత. కాబట్టి మధ్యాహ్నం జల్లు పడేలా ఉన్న రోజు పొద్దున్నే బయలుదేరి బంకను పొడిగా ఉండగానే దాటేసి, పదహారో కిలోమీటరు దగ్గరున్న పంపుహౌసు వసారాలో వాన వెలిసేదాకా కూర్చుంటాను. ఐదు మిల్లీమీటర్ల వాన పడితే ఇసుక పైపొర నాలుగైదు సెంటీమీటర్లు తడవాలి, అది చాలు. వాన కొలవడానికి గీతలు పెట్టిన సీసా ఒకటి సిద్ధం చేశాను. గాడి లోతు ఎప్పటిలాగే స్పోకుతో ప్రతి వంద మీటర్లకూ కొలుస్తాను. జల్లు పడకపోతే అక్కడి నుంచి అవతలి ఒడ్డుకు పడవలో దాటి, వంపు బయటి వైపు బాట ఎంతవరకు కోసుకుపోయిందో చూసి వస్తాను.