తుపాకీ పట్టనివాడి చెవులు: నా రేంజ్ డ్యూటీ అనుభవం

డాలస్‌కి ముప్పావుగంట దూరంలో ఉన్న మా రైఫిల్ క్లబ్బును మెంబర్లే నడుపుకుంటారు. ఏటా ప్రతి ఒక్కరూ కొన్ని గంటలు పని చేసిపెట్టాలి. చేయకపోతే మరుసటి ఏడు ఫీజు పెరుగుతుంది. టెక్సస్ ఎండలో గడ్డి కోయడం కన్నా నయమని నేను రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ డ్యూటీకి, అంటే కాల్పులు జరిగేచోట భద్రత చూసే పనికి, పేరిచ్చాను. పైన రేకుల షెడ్డు, కింద కాంక్రీటు, వరసగా బెంచీలు. వాటి వెనకాల పచార్లు చేస్తూ అందరినీ ఓ కంట కనిపెట్టాలి. తమాషా ఏమిటంటే, కాల్చుకోవడానికి వచ్చినవాడు గంటో రెండు గంటలో ఉండి సర్దుకుని పోతాడు. ఒక్క తూటా పేల్చని మనం మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరి మోతా భరించాలి.

డ్యూటీ ఇవ్వాలంటే ముందు ఎన్‌ఆర్‌ఏ (అమెరికా తుపాకీదారుల సంఘం) వాళ్ల కోర్సు చేయాలి. ఆదేశాలు ఎలా ఇవ్వాలి, తూటా పేలకపోతే ఏం చేయించాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే అంబులెన్సుకి దారి ఎలా చెప్పాలి, ఇవన్నీ బాగానే నేర్పారు. చెవుల సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. అయితే క్లాసు చెప్పిన పెద్దాయనకి రెండు చెవులకీ మిషన్లున్నాయి. భోజనాల దగ్గర ఆయనే చెప్పాడు, తను కాల్చింది తక్కువేననీ, కాల్చేవాళ్ల పక్కన నిలబడే చెవులు పోగొట్టుకున్నాననీ. ఇంటికొచ్చి వెంటనే ఆడియాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. డ్యూటీ మొదలవకముందు చెవులు ఎలా ఉన్నాయో కాగితం మీద ఉంటేనే కదా, తరవాత తేడా వస్తే తెలిసేది.

ఇక్కడ కార్మికుల భద్రత చూసే ఓషా, పేలుడు లాంటి శబ్దానికి పెట్టిన హద్దు 140 డెసిబెల్స్. చిన్న .22 రైఫిలే దాదాపు ఆ అంచున ఉంటుంది. 9 ఎంఎం పిస్టల్ 160 దరిదాపుల్లో, పెద్ద రైఫిళ్లు 170 దాకా పోతాయి. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 20 డెసిబెల్స్ పెరిగాయంటే చెవి మీద పడే పీడనం పదింతలైనట్టు. పెద్ద శబ్దం వినిపిస్తే మధ్యచెవిలో ఒక బుల్లి కండరం బిగుసుకుని కొంత కాపాడుతుంది. తుపాకీ మోత దానికి ఆ టైమివ్వదు, కొన్ని మిల్లీసెకన్లలో పని కానిచ్చేస్తుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే రోమకణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

డ్యూటీలో దిగాక అన్నిటికన్నా నన్ను వేధించింది మజిల్ బ్రేక్. గొట్టం మూతికి బిగించే చిన్న ఇనప ముక్క, పక్కలకి కన్నాలుంటాయి. తూటా వెనకే దూసుకొచ్చే వేడి వాయువుల్ని అది పక్కలకీ, కాస్త వెనక్కీ మళ్లిస్తుంది. దాంతో కాల్చేవాడి భుజానికి తన్ను తగ్గుతుంది, పక్క బెంచీవాడికి వాత పడుతుంది. ఒకాయన .300 విన్‌మ్యాగ్ అనే పెద్ద రైఫిల్‌కి బ్రేక్ పెట్టుకుని పేలుస్తుంటే, పక్క బెంచీ మీదున్న ఖాళీ తూటాల అట్టపెట్టె గుండు గుండుకీ కాస్త కాస్త జరుగుతూ వచ్చి కింద పడింది. నేలమీద దుమ్ము లేస్తుంది, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, ముక్కు పైన ఎముక అదురుతుంది. పైకి పోవలసిన మోతని రేకులు మళ్లీ మన నెత్తి మీదికే పంపిస్తాయి. పొట్టి గొట్టం ఏఆర్ రైఫిళ్లతోనూ ఇదే గోల. తూటాలోని పేలుడు మందు పూర్తిగా కాలకముందే గుండు బయటపడిపోతుంది, మిగిలిన మందు బయట భగ్గుమంటుంది. ఒలింపిక్ షూటింగ్ నియమాలు రాసే ఐఎస్‌ఎస్‌ఎఫ్ రైఫిళ్లకి మజిల్ బ్రేకులు నిషేధించింది. మా క్లబ్బులో అలాంటి రూలేమీ లేదు.

రూలు లేనిచోట మాటే ఆధారం. బ్రేక్ ఉన్న రైఫిల్ కనబడగానే, తూటాలు నింపకముందే వెళ్లి, "సార్, మీరు ఆ చివరి బెంచీ తీసుకోండి, మీ పక్కది ఖాళీగా ఉంచుతాను" అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఎక్కువమంది నవ్వుతూ జరుగుతారు. మూతి చిట్లించేవాళ్లూ ఉంటారు, అది వాళ్లిష్టం. చూడ్డానికొచ్చిన వాళ్లని గొట్టం మూతికి పక్కగా ఉండనివ్వను, బాగా వెనక్కి పంపిస్తాను. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. షెడ్డు కింద అంత లాభం ఉండదు గానీ, ఎంతైనా లాభమే.

ఇక నా చెవులు. లోపల ఫోమ్ ప్లగ్గులు, పైన చెవుల్ని కప్పే ఎలక్ట్రానిక్ మఫ్స్, ఇవి మోతని ఆపి మాటల్ని మాత్రం లోపలికి వినిపిస్తాయి. ప్లగ్గుని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోవాలి. సగం బయటికి కనబడుతుంటే అది పెట్టుకున్నట్టు కాదు. సరిగ్గా కూర్చుంటే మన గొంతు మనకే డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. రెండూ పెట్టుకున్నాం కదా అని ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయో వాటి మీద రాసిన రేటింగులు కూడేయకూడదు, ఎక్కువ ఉన్నదాని మీద ఓ 5 డెసిబెల్స్ కలుపుకోవాలంతే. మఫ్స్ వాల్యూమ్ బాగా పెంచితే లోపల ప్లగ్గులున్నా "సీజ్ ఫైర్" (కాల్పులు ఆపండి) కేక వినిపిస్తుంది.

ఒక ఆదివారం మనవాళ్లే వచ్చారు. ఇండియా నుంచి పెద్దవాళ్లొస్తే ఒకసారి రేంజికి తీసుకురావడం టెక్సస్‌లో మామూలే. అల్లుడు, అత్తమామలు, నిండు చూలాలైన అమ్మాయి. పురిటికని తెనాలి నుంచి వచ్చారట. అంకుల్ అప్పటికే చేతులు రుద్దుకుంటున్నారు.

"నేను కాల్చను అన్నా, వెనకాల కూర్చుని చూస్తానంతే" అంది అమ్మాయి.

"చూడ్డం కూడా వద్దమ్మా. మఫ్స్ మీ చెవులకి పెట్టొచ్చు, కడుపులో బిడ్డకి పెట్టలేం కదా" అన్నాను. తూటా అడుగున మందుని అంటించే ప్రైమర్లలో సీసం ఉంటుందనీ, కాల్చినప్పుడల్లా గాల్లో కలుస్తుందనీ కూడా చెప్పాను. గర్భిణులు ఈ రెండిటికీ దూరంగా ఉండాలని ఇక్కడ పనిచోట ఆరోగ్యం మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ కూడా చెబుతుంది.

అల్లుడి మొహం కాస్త మాడింది. ఆంటీ మాత్రం "మంచి మాట చెప్పావు బాబూ" అని కూతుర్ని వెంటబెట్టుకుని కారెక్కి, ఊళ్లో కాఫీ షాపుకి వెళ్లిపోయారు. అంకుల్ కళ్లజోడు కాడలు లావు. మఫ్స్ మెత్తలకీ తలకీ మధ్య సందు కనబడుతోంది. ప్లగ్గులు నేనే పెట్టి, పైన మఫ్స్ వేసి, .22 ఇప్పించాను. పది అడుగులు ఎత్తున్నట్టు మురిసిపోయారు. ఆంటీ వదిలివెళ్లిన పులిహోర డబ్బా మూత తీయబోతే ఆపి, సీసం చేతులకి అంటుతుంది కాబట్టి ముందు సబ్బుతో కడిగించాను.

ఏడాది తిరిగాక మళ్లీ చెవుల పరీక్ష చేయించాను. తుపాకీ మోత దెబ్బ ముందుగా బయటపడేది 4000 హెర్ట్జ్ దగ్గర. కుడిచేతి వాటం వాళ్లు రైఫిల్ పట్టుకుంటే ఎడమ చెవి గొట్టం వైపుకి ఉంటుంది కాబట్టి వాళ్లకి సాధారణంగా ఆ చెవే ఎక్కువ పోతుంది. వెనకాల తిరిగేవాడికి ఏ చెవైనా ఒకటే. ఆడియాలజిస్టు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసి మార్పేమీ లేదన్నారు. నా మఫ్స్ చేతిలోకి తీసుకుని, మెత్తలు గట్టిపడ్డాయి, మార్చమన్నారు.

మెత్తలు ఆర్డరిచ్చాను. షెడ్డు రేకుల కింద శబ్దాన్ని పీల్చే పలకలు వేయిద్దామని క్లబ్బు మీటింగులో అడిగితే డబ్బుల్లేవన్నారు. బ్రేక్ రైఫిళ్లన్నీ చివరి బెంచీకే అన్న రూలు మాత్రం బోర్డు మీదికి ఎక్కింది.