అవ్వ ఒక్కతే ఉండే ఇంట్లో కేస్ కోఆర్డినేటర్ చూడాల్సినవి

తెలంగాణలో మక్తల్, కోస్గి వైపైనా, దేవరకొండ తండాల్లోనైనా పొద్దుగూకే వేళ నడిచి చూడండి. కొడుకూ కోడలూ హైదరాబాద్‌కో, పుణె, ముంబైకో పనికి పోయి ఉంటారు. ఇంట్లో అవ్వో తాతో ఒక్కరే. అలాగని అడిగేవాళ్లు లేరనుకోవద్దు. ఆశా వస్తుంది, పక్కింటి కోడలు తొంగి చూస్తుంది, కొడుకు ఆదివారం ఫోన్ చేస్తాడు. అయినా బీపీ గోలీలు అయిపోయి పది రోజులైన సంగతి ఎవరికీ తెలియదు. ఆశా ఇచ్చి ఉంటుందని కొడుకు, కొడుకు కొనిచ్చి ఉంటాడని ఆశా అనుకుంటారు. కేస్ కోఆర్డినేటర్ పని ఉండేది సరిగ్గా అక్కడే. వంట చేయడం, సూది వేయడం మన పని కాదు. ఏది ఎవరు ఏ రోజు చేయాలో తేల్చడం, ఆ రోజు దాటాక అయ్యిందా అని అడగడం మన పని.

మొదటిసారి ఇంటికి వెళ్లినప్పుడు గంటన్నర పెట్టుకోండి. ఫారం సంచిలోనే ఉండనివ్వండి. "గోలీలు టైముకు ఏసుకుంటున్నవా?" అని అడిగితే "ఏసుకుంటున్న బిడ్డా" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. "అవ్వా, గోలీల సంచి తే, చూద్దాం" అనాలి. మెడికల్ షాపు కవర్ తెస్తుంది. అందులోవన్నీ మంచం మీద పరచండి. సర్కారు దవాఖానా ఇచ్చిన బీపీ గోలి అమ్లోడిపిన్ స్ట్రిప్ ఒకటి, ప్రైవేటు డాక్టర్ వేరే కంపెనీ పేరుతో రాసిన అదే అమ్లోడిపిన్ ఇంకోటి కనిపించవచ్చు. రంగు వేరు కాబట్టి రెండూ వేరే మందులనుకుని అవ్వ రెండూ మింగుతుంటుంది. తర్వాత లెక్క చూడండి. రోజుకొకటి చొప్పున 30 ఇచ్చి 20 రోజులైతే 10 మిగలాలి. 22 ఉన్నాయంటే మానేస్తోంది, రెండే ఉన్నాయంటే కొన్ని రోజులు డబుల్ పడుతోంది. కత్తెరతో ముక్కలు చేసిన స్ట్రిప్పులైతే పేరూ గడువూ కత్తిరింపులోనే పోయి ఉంటాయి. అవి ఏమిటో తేలేదాకా పక్కన పెట్టండి.

ఆ కవర్లోనే నొప్పుల గోలీలు వెతకాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఉన్నారు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు ఇప్పుడు వస్తున్నా ఎముకల్లోకి దిగింది వెనక్కి రాదు. నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో రోజూ వేసుకుంటారు. అవి బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. డాక్టర్‌కు ఆ సంగతి తెలియదు, బీపీ తగ్గలేదని ఇంకో గోలి కలుపుతాడు. "ఇవి మానెయ్" అని మనమే చెప్పడం తప్పు. గోలీలన్నీ ఒకే ఫొటోలో తీసి పీహెచ్‌సీ డాక్టర్‌కు చూపించి, నొప్పికి పారాసెటమాల్ సరిపోతుందా అని అడగాలి.

షుగర్ ఉన్నవాళ్ల దగ్గర ఒక్కపొద్దు గురించి తప్పకుండా అడగండి. శనివారం అన్నం మానేసి, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ గోలి మాత్రం మానకపోతే మధ్యాహ్నానికి షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం. వయసు మీద పడి మతి తప్పిందని ఇంట్లోవాళ్లు పడుకోబెడతారు. మిషన్‌లో షుగర్ 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఈ గోలి పని చాలాసేపు ఉంటుంది కాబట్టి తర్వాత అన్నం పెట్టి, ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి.

ఇన్సులిన్ అయితే సీసా, సిరంజి రెండూ చేతిలోకి తీసుకుని చూడండి. మన దగ్గర మామూలుగా దొరికే సీసా ఒక ఎంఎల్‌కు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100 యూనిట్లది. షాపులో ఎర్రది లేదని నారింజది ఇస్తే, 20 గీత దాకా లాగినా లోపలికి పోయేది 8 యూనిట్లే. ఇన్సులిన్ పెన్ను కోసం వచ్చే 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను చిన్న డబ్బాలో పెట్టి చిన్న కుండలో దించి, దాన్ని తడి ఇసుక పోసిన పెద్ద కుండలో నీడన పెట్టాలి. ఇసుక ఆరకూడదు. సీసా తెరిచిన తేదీ పట్టీ మీద రాసి అంటించండి. 28 రోజులు దాటితే పారేయాలి.

పడిపోయే భయం ఎంతో రెండు పరీక్షలు చెబుతాయి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి, లేపి నిలబెట్టాక ఒక నిమిషానికీ, మూడు నిమిషాలకీ చూడాలి. పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే డాక్టర్‌కు చెప్పాలి. రెండోది నడక. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే జాగ్రత్త పడాలి. ఆ తర్వాత మంచం నుంచి బాత్రూం దాకా మీరే నడవండి, వీలైతే చీకట్లో. గడప ఎంత ఎత్తుంది, బల్బు స్విచ్ చేతికి అందుతుందా, బండలు నాచు పట్టాయా. మెడ వంగని ఫ్లోరోసిస్ మనిషికి తన పాదాల ముందు ఏముందో కనపడదు, గొంతుక్కూర్చోవడమూ రాదు. కాళ్లకు రబ్బరు తొడుగులున్న కమోడ్ కుర్చీ వాళ్లకు అన్నిటికంటే ముందు కావాలి.

పొయ్యి దగ్గర నిన్నటి గిన్నె మూత తీసి చూడండి. పళ్లు లేక రొట్టె నమలలేక జొన్న గట్క, పచ్చిపులుసుతోనే రోజులు గడిపేవాళ్లు చాలామంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయంటే మనిషి చిక్కిపోతున్నట్టే.

కాగితాల పనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆసరా పెన్షన్ 2019 నుంచి 2,016 రూపాయలు. వేలిముద్రలు అరిగి మిషన్ పట్టకపోతే పంచాయతీ కార్యదర్శితో మాట్లాడి, ఆధార్ సెంటర్లో ముద్రలు కొత్తగా ఇప్పించాలి. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. పెద్దల హెల్ప్‌లైన్ 14567. పిల్లలు చూడకపోతే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 దాకా ఇప్పించగలదు. అవ్వను ఒంటరిగా కూర్చోబెట్టి అడగకుండా, ఆమె సరే అనకుండా ఆ అర్జీ పెట్టొద్దు. రేపు ఆ కొడుకు ముందే బతకాల్సింది ఆమె. భూమి కొడుకు పేర రాసిస్తానంటే మాత్రం, పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించమని రిజిస్ట్రేషన్‌కు ముందే చెప్పండి.

చివరికి ఇదంతా గోడ మీద క్యాలెండర్ పక్కన అంటించే అరపేజీ కావాలి. పని, మనిషి పేరు, ఫోన్ నంబరు, తేదీ. "ఆశా" అని, "పక్కింటివాళ్లు" అని రాస్తే పని జరగదు, పేరే రాయాలి. తేదీ దాటిన మర్నాడు ఫోన్ చేసి "గోలీలు తెచ్చారా?" అనకుండా "ఎన్ని తెచ్చారు?" అని అడగండి. ప్రతి పేరు పక్కనా ఇంకో పేరు ఉండాలి. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు పక్కింటివాళ్లంతా బండి కట్టుకుని పోతారు. ఆ రోజుల్లో పొద్దున్నే అవ్వ తలుపు తట్టేది ఎవరో వారం ముందే అడిగి రాసిపెట్టండి.