గురువారం: క్రీ-లాక్స్ క్లాసు, సాయంత్రం బెజవాడ

ఈరోజు ఎమ్మెస్సీ సెకండియర్ వాళ్ళకి క్రీ-లాక్స్ పాఠం. నోట్సుల్లో అదంతా ఒక్క పేరా, "కావలసిన కణజాలంలో మాత్రమే జన్యువును తొలగించే పద్ధతి" అని రాసి పక్కన బొమ్మ వేసేస్తే ఐదు మార్కులు పడిపోతాయి, పిల్లలు కూడా అంతకుమించి అడగరు. నాకు మాత్రం ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా గంట చాలదు. ఇవాళ కూడా తర్వాత పీరియడ్ మేడమ్‌ని బతిమాలి ఇంకో పావుగంట తీసుకున్నాను. పీహెచ్‌డీ రోజుల్లో హైదరాబాద్‌లో ఈ చిట్టెలుకల మధ్యే బతికాను కాబట్టి అంత ఇష్టం అనుకుంటారు అందరూ. అదొక్కటే కారణం కాదు, రెండో కారణం బెజవాడలో సత్యనారాయణపురంలో ఉంది, దాని గురించి కాసేపాగి రాస్తాను.

ముందు పాత నాకౌట్ ఎలుకల సంగతి చెప్పాను. కాపెక్కి, ఎవాన్స్, స్మితీస్ ముగ్గురికీ 2007లో నోబెల్ వచ్చింది దానికే. ఒక జన్యువును పిండదశ నుంచే పాడుచేసేస్తారు, ఆ ఎలుకకి ఒంట్లో ఏ కణంలోనూ, ఏ రోజునా ఆ జన్యువు పనిచేయదు. చాలా గొప్ప పని, కాదనను, కానీ మెదడు గురించి తెలుసుకోవాలంటే ఇక్కడే చిక్కు. నాడీకణాలు సంకేతాలు అందుకునే గ్రాహకాల్లో ఒకటైన, జ్ఞాపకశక్తికి కీలకం అనుకున్న ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌లో ఎన్‌ఆర్1 అనే భాగం ఉంది, దాని జన్యువును పూర్తిగా తీసేస్తే ఎలుక పిల్లలు పుట్టిన కొద్దిసేపటికే చనిపోతాయి. చనిపోయిన పిల్లకి జ్ఞాపకశక్తి పరీక్ష ఎలా పెడతాం? ఒకవేళ బతికినా, పెద్దయ్యాక కనిపించే లోపం మెదడు తయారయ్యేటప్పుడే వచ్చిందా, ఇప్పుడు ఆ జన్యువు లేనందువల్ల వస్తోందా అన్నది చెప్పలేం. ఊరంతటికీ నీళ్ళు కట్టేస్తే మా గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో వాల్వు ఏం చేస్తుందో ఎలా తెలుస్తుంది, ఆ ఒక్క లైను వాల్వు కట్టి చూడాలి అన్నాను. వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తారు.

ఇక క్రీ, అంటే డీఎన్ఏని కోసి అతికించే ఎంజైమ్. బ్యాక్టీరియాకి పట్టే పీ1 అనే వైరస్ ఒకటుంది, ఈ ఎంజైమ్ దానిది. లాక్స్‌పీ అంటే క్రీ గుర్తుపట్టి కోసే చోటు, డీఎన్ఏలో 34 అక్షరాల వరుస, అటు 13, ఇటు 13, అవి ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి, నడుమ 8. ఆ నడుమ 8 అక్షరాల వల్లే లాక్స్‌పీకి ఒక దిశంటూ ఏర్పడుతుంది. జన్యువులో ముఖ్యమైన ముక్కకి రెండు పక్కలా ఒకే దిశలో రెండు లాక్స్‌పీలు పెడితే, క్రీ వచ్చి నడుమ ముక్కని వలయంలా చుట్టి బయటికి తీసేసి మిగిలిన రెండు కొసల్నీ కలిపేస్తుంది. ఎదురెదురు దిశల్లో పెడితే ముక్క పోదు, తలకిందులవుతుంది. క్రీ లేనంతకాలం ఆ లాక్స్‌పీల వల్ల జన్యువుకి ఏ ఇబ్బందీ ఉండదు, ఎలుక మామూలుగానే ఉంటుంది. ఈ వైరస్ ఎంజైమ్ ఈస్ట్‌లోనూ, క్షీరదాల కణాల్లోనూ పనిచేస్తుందని 1980ల్లో డ్యూపాంట్ కంపెనీలో పనిచేసే బ్రయన్ సావర్ చూపించాడు. 1994లో జర్మనీలో క్లాస్ రాజెవ్‌స్కీ బృందం దీంతో ఎలుక టీ కణాల్లో (రోగనిరోధక శక్తికి చెందిన తెల్ల రక్తకణాలు) మాత్రమే ఒక జన్యువును తీసేసింది.

ముందు వరసలో కూర్చునే ఒకమ్మాయి లేచి, "మేడమ్, క్రీ కూడా ఎలుకలోనే ఉంటుంది కదా, కడుపులో ఉండగానే కోసేయదా?" అంది. ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను నేను. జన్యువు ఏ కణాల్లో, ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే డీఎన్ఏ ముక్కే ప్రమోటర్, క్రీని ఏ ప్రమోటర్ వెనక పెట్టామన్నదాన్ని బట్టే అంతా ఉంటుంది. నెస్టిన్ ప్రమోటర్ పెడితే పుట్టకముందే, నాడీకణాలకి మూలమైన కణాల్లోనే కోత పడుతుంది, అంటే దాదాపు మెదడంతా. కామ్‌కైనేజ్-2 ప్రమోటర్ పెడితే పుట్టాక, ముందు మెదడులోని ఉత్తేజక నాడీకణాల్లో. 1996లో ఎమ్ఐటీలో సుసుము టొనెగావా ల్యాబ్‌లో జో త్సియెన్ వాళ్ళు ఈ రెండోదే వాడారు. వాళ్ళకి దొరికిన ఒక ఎలుక వంశంలో ఈ కోత మూడో వారం నుంచి, అదీ ఎక్కువగా జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో సీఏ1 అనే చోటే పడేది. ఎన్‌ఆర్1 ఎక్కువగా అక్కడే పోయింది, ఎలుకలు బతికాయి, పెరిగాయి. తెల్లగా కలిపిన నీళ్ళ తొట్టిలో వదిలితే, కనపడకుండా మునిగి ఉన్న గట్టు ఎక్కడుందో అవి నేర్చుకోలేకపోయాయి. మామూలు ఎలుకలు కొన్నాళ్ళ శిక్షణతో నేరుగా దానివైపే ఈదుతాయి. ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పెరుగుతుంది.

ఇంకా కావాలంటే టైమ్‌ని కూడా మన చేతిలో పెట్టుకోవచ్చు. క్రీకి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ముక్కని కొద్దిగా మార్చి అతికిస్తే అది కేంద్రకంలోకి పోకుండా బయటే ఆగిపోతుంది, టామోక్సిఫెన్ ఇచ్చినప్పుడే లోపలికి వెళ్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే మందే అది. మందు ఇచ్చిన రోజే కోత మొదలు.

ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి కానీ ఆ ఎలుకని తయారుచేయడం ఎంత ఓపికో కూడా చెప్పాను. లాక్స్‌పీ ఉన్న ఎలుకనీ క్రీ ఉన్న ఎలుకనీ కలిపితే మొదటి తరంలో మనకి కావలసింది రాదు, ఆ పిల్లల్ని మళ్ళీ లాక్స్‌పీ ఎలుకతో కలపాలి, అప్పుడు సగటున నాలుగింట్లో ఒకటి వస్తుంది. మూడు వారాలు కడుపు, ఇంకో మూడు వారాలు తల్లి దగ్గర పాలు, అప్పుడు చెవి అంచు నుంచి చిటికెడు ముక్క తీసి పీసీఆర్, అంటే మనకి కావలసిన డీఎన్ఏ ముక్కని ఎన్నో కాపీలు చేసే పరీక్ష. ఆ కాపీల్ని పొడవును బట్టి విడదీసే జెల్ మీద లాక్స్‌పీ చేరిన జన్యువు బ్యాండు కాస్త పైన ఆగుతుంది, మామూలుది కింద. రెండూ కనపడితే ఒక కాపీయే మారిందని. పైన ఒక్క బ్యాండే ఉండి, క్రీ బ్యాండు కూడా వెలిగిందంటే ఆ రోజు ల్యాబంతా పండగే.

కంట్రోళ్ళ దగ్గర, అంటే పోల్చి చూడ్డానికి పక్కన పెట్టుకునే ఎలుకల దగ్గర మాత్రం గట్టిగానే మాట్లాడాను. నెస్టిన్-క్రీ ఎలుకల్లో ఏ జన్యువూ తీయకపోయినా, క్రీ ఉన్నందుకే అవి కాస్త చిన్నగా ఉంటాయని తేలింది. మరి క్రీ లేని ఎలుకతో పోల్చి "మా జన్యువు పోతే ఎలుక చిన్నదైంది" అని రాస్తే ఆ పేపర్‌కి విలువేముంది? క్రీ మాత్రమే ఉన్న ఎలుక, లాక్స్‌పీ మాత్రమే ఉన్న ఎలుక, రెండూ పక్కన ఉండాల్సిందే. క్రీ అనుకోకుండా వృషణాల్లోనూ పనిచేసి ఆ కోత పిల్లలకి ఒళ్ళంతా దిగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. మన దేశంలో ఒక్క ఎలుకని వాడాలన్నా ఎథిక్స్ కమిటీ ముందు ఎన్ని కావాలో, ఎందుకు కావాలో రాసివ్వాలి, ఆ ప్రాణాలు తీసుకుని సరైన కంట్రోల్ లేని ప్రయోగం చేయడం నా దృష్టిలో తప్పే. ఈ మాట పిల్లలకి ఎక్కాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మధ్యాహ్నం ల్యాబ్ రికార్డుల సంతకాలు, వాటి గురించి రాసేదేం లేదు.

నాలుగింటికి నాన్‌స్టాప్ బస్సెక్కాను. ఎండ ఇంకా తగ్గలేదు, కాజా టోల్‌గేటు దాటేదాకా కిటికీ గాలి వేడిగానే కొట్టింది, వారధి మీదకి వచ్చాక కాస్త ఊపిరాడింది. మా పెద్దమ్మ కూతురు, అక్క, సత్యనారాయణపురంలోనే ఉంటుంది. వాళ్ళ పాప చిన్నికి తొమ్మిదేళ్ళు, రెట్ సిండ్రోమ్ అనే మెదడుకి సంబంధించిన జన్యు జబ్బు. ఏడాది దాటేదాకా అన్నీ బాగానే వచ్చాయి, "తాత" అనేది, బిస్కెట్టు తనే పట్టుకుని తినేది. తర్వాత ఒక్కొక్కటే పోయాయి, మాట పోయింది, చేతుల పట్టు పోయింది. ఆడపిల్లల్లో సుమారు 10,000 మందిలో ఒకరికి వస్తుంది ఇది. 1966లో వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే డాక్టరు దీని గురించి మొదట రాశాడు, కారణం ఎమ్ఈసీపీ2 అనే జన్యువని 1999లో హుదా జోగ్బీ ల్యాబ్ కనిపెట్టింది.

నేను వెళ్ళేసరికి అక్క పాపకి మజ్జిగన్నం మెత్తగా పిసికి పెడుతోంది. చిన్ని రెండు చేతులూ గుండెల దగ్గర కలిపి ఒకదాన్నొకటి నలుపుతూనే ఉంది, మెలకువగా ఉన్నంతసేపూ అంతే, బొటనవేళ్ళ దగ్గర చర్మం ఎర్రగా కందిపోయింది. ముద్ద నోట్లో పెట్టే ముందు అక్క ఆ చేతుల మీద తన ఎడమ చెయ్యి వేసి ఒక్క క్షణం ఆపుతుంది, చిన్ని అక్క కళ్ళలోకి చూస్తుంది, అప్పుడు నోరు తెరుస్తుంది. ఆ చూపులో ఏం లేదనేవాళ్ళు ఒక్కసారి ఎదురుగా కూర్చుని చూడాలి. చేతుల సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నాను, 2010లో జోగ్బీ ల్యాబ్ వాళ్ళే ఈ జన్యువును ఎలుకల్లో గాబా (ఇతర నాడీకణాల్ని నెమ్మదింపజేసే రసాయనం) విడుదల చేసే నాడీకణాల్లో మాత్రమే తీసి చూశారు. మిగతా కణాలన్నీ బాగానే ఉన్నా, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడంతో సహా రెట్ లక్షణాలు చాలావరకు వచ్చేశాయి. ఎక్కడ తీశామన్నది ఎంత చెప్తుందో!

"ఏమే, ఇది నిజమేనా చూడు," అని అక్క ఫోన్ ఇచ్చింది. ఎవరో గ్రూపులో పంపారు, ఎలుకల్లో రెట్ నయమైపోయిందని, కొత్త విషయంలాగా. కొత్తదేం కాదు, ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం 2007లో చేసిన ప్రయోగం అది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. వాళ్ళు జన్యువును తీయలేదు, దానికి అడ్డంగా ఒక ఆపే ముక్కని పెట్టి, ఆ ముక్కకి రెండు పక్కలా లాక్స్‌పీలు పెట్టారు. జన్యువు పనిచేయదు, ఎలుకకి జబ్బు వస్తుంది. నడక తడబడి, ఊపిరి సరిగ్గా అందక, ఇంక ఎక్కువ కాలం బతకవు అన్న స్థితిలో టామోక్సిఫెన్ ఇచ్చారు, క్రీ లోపలికి వెళ్ళి ఆపే ముక్కని కోసేసింది, జన్యువు మళ్ళీ పనిలోకి వచ్చింది. ఎలుకలు కోలుకున్నాయి. పెద్దయ్యాక జబ్బు బయటపడిన ఆడ ఎలుకలూ కోలుకున్నాయి.

అక్క ముద్ద చేతిలోనే పట్టుకుని, "అంటే దీని బుర్రలో కణాలు చచ్చిపోలేదా?" అంది.

"లేదక్కా, చచ్చిపోలేదు. ఉన్నాయి, సరిగ్గా పనిచేయలేకపోతున్నాయి అంతే."

చాలాసేపు మాట్లాడలేదు తను. నేను అక్కడితో ఆపేస్తే బాగుండేదేమో, కానీ అక్కకి సగం మాట చెప్పి బస్సెక్కడం నాకు చేతకాదు. ఆ ఎలుకల్లో జన్యువు మొదటి నుంచీ దాని చోట్లో అదే ఉంది, అడ్డు తీయడమే మిగిలింది. చిన్నికి అలా కాదు, బయటి నుంచి మంచి కాపీని ఒక నిరపాయకరమైన వైరస్‌లో పెట్టి మెదడుకి చేర్చాలి, అమెరికాలో ఆ ట్రయల్స్ నడుస్తున్నాయి. అక్కడ 2023లో అనుమతి వచ్చిన ట్రోఫినెటైడ్ అనే మందు లక్షణాల్ని కొంత తగ్గిస్తుంది తప్ప మూలాన్ని తాకదు. పైగా 2011లో ఇంకో ప్రయోగం, ఈసారి బాగా పెరిగిన ఆరోగ్యమైన ఎలుకల్లో ఈ జన్యువును తీసేస్తే వాటికీ జబ్బు వచ్చింది. అంటే చిన్నప్పుడు కొన్నాళ్ళు ఉండి పోతే చాలే జన్యువు కాదిది, జీవితాంతం కావాలి. ఇచ్చే చికిత్స కూడా అంతకాలం నిలవాలి.

ఇంకో మాట కూడా చెప్పాను. 2007 ప్రయోగంలోనే టామోక్సిఫెన్ రోజూ ఇచ్చి జన్యువును ఒక్కసారిగా మేల్కొలిపితే చాలా ఎలుకలు జబ్బుపడి చనిపోయాయి, వారానికోసారి మెల్లగా ఇచ్చినప్పుడే తట్టుకున్నాయి. ఈ జన్యువు ఎక్కువైనా ప్రమాదమే, దాని రెండు కాపీలున్న మగపిల్లలకి వేరే తీవ్రమైన జబ్బు వస్తుంది.

అప్పుడు అక్క అడిగిన ప్రశ్న నా క్లాసులో ఎవరూ అడగలేదు. "చిన్నికి సగం కణాల్లో మంచిదే ఉంటుందన్నావు కదా అప్పట్లో, మరి మందు వాటిల్లోకి కూడా వెళ్తే వాటికి ఎక్కువైపోదా?" ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, ఆడపిల్లలకి ఎక్స్‌లు రెండు, ఒక్కో కణంలో వాటిలో ఒకటే పనిచేస్తుంది, కాబట్టి కొన్ని కణాల్లో మంచి కాపీయే నడుస్తుంటుంది. అక్క బీకాం చదివింది. ఎక్స్ క్రోమోజోముల్లో ఏ కణంలో ఏది నిద్రపోతుందో నేనెప్పుడో చెప్పింది గుర్తుపెట్టుకుని, ఈ రంగంలో వాళ్ళని ఇబ్బంది పెట్టే అసలు చోటుకే వచ్చేసింది. ఔను, అదే పెద్ద చిక్కు. అందుకే కొన్ని కొత్త డిజైన్లలో, కణంలో ఆ ప్రోటీన్ ఇప్పటికే సరిపడా ఉంటే బయటి నుంచి వచ్చిన కాపీ తనంతట తాను తగ్గిపోయేలా ఏర్పాటు పెడుతున్నారని చెప్పాను. "అయితే వాళ్ళకీ తెలుసన్నమాట," అని తేలిగ్గా ఊపిరి వదిలి, చిన్ని మూతి తుడిచింది. ఆ నీళ్ళ తొట్టి ఎలుకలకీ, ఎడిన్‌బరో ఎలుకలకీ నేను నిజంగా రుణపడి ఉన్నాను, అక్కకి ఆ ఒక్క జవాబు ధైర్యంగా చెప్పగలిగానంటే వాటివల్లే.

బావ వచ్చాక ముగ్గురం కూర్చుని డాక్టర్‌ని అడగాల్సినవి ఒక కాగితం మీద రాశాం. రెట్ పిల్లల్లో కొందరికి గుండె లయలో తేడా వస్తుంది, ఈసీజీలో క్యూటీ అనే కొలత చూడాలి, చిన్నికి అది తీయించి ఏడాది దాటింది. వెన్ను ఎడమకి ఒరుగుతున్నట్టుంది అని బావ అన్నాడు, దానికి ఎక్స్‌రే. మింగేటప్పుడు పొలమారుతోందా, బరువెంత పెరిగింది, ఈ రెండూ వారం వారం రాసి పెట్టమన్నాను. రెండో శనివారం నాకు సెలవు, అపాయింట్‌మెంట్ ఆ రోజుకే పెట్టించమన్నాను, ఈసీజీ, ఎక్స్‌రే రెండూ ఒక్క రోజులో అయిపోతే పాపని రెండుసార్లు ఆటోలో తిప్పక్కర్లేదు.