బెదిరింపుకు స్పానిష్ మాటలు

ఎదుటివారిని బెదిరించి లొంగదీయడాన్ని స్పానిష్‌లో ‘ఇంతిమిదార్’ అంటారు. ‘పిరికి’ అనే అర్థమున్న లాటిన్ పదం ‘తిమిదుస్’ దీనికి మూలం కాబట్టి, మనిషిలో పిరికితనాన్ని నింపడమే దీని అసలు భావం. న్యాయస్థానాల్లోనూ ఇది బాగా అలవాటైన మాట. స్పెయిన్‌లో 1995 నాటి శిక్షాస్మృతి దోపిడీని నిర్వచిస్తూ, వస్తువులపై బలప్రయోగంతో, మనుషులపై హింసతో పాటు బెదిరింపును కూడా ఈ క్రియ నుంచి వచ్చిన నామవాచకంతోనే పేర్కొంటుంది. అంటే కత్తితో పొడవనక్కరలేదు, కత్తి చూపి సొమ్ము లాక్కున్నా అది దోపిడీయే.

‘అమెద్రెంతార్’ కొంచెం గ్రాంథికమైనది. సాక్షులను హడలగొట్టే ముఠాల గురించి రాసేటప్పుడు చక్కగా అమరుతుంది. స్పెయిన్ వీధుల్లో వినిపించే ‘అకొహొనార్’ మాత్రం బూతు మాట, కొత్తగా నేర్చుకునేవారు దాని జోలికి పోకపోవడమే మేలు.

నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది ‘ఇంపొనేర్’. బెదిరించే ఉద్దేశం ఏమాత్రం లేకుండానే, కేవలం తన హోదా వల్లనో నిండైన విగ్రహం వల్లనో జంకు పుట్టించే మనిషిని గురించి ‘మె ఇంపొనె’ అంటారు. ఇక్కడ జంకేవాడు కర్త కాడు. మనం ‘నాకు జంకుగా ఉంది’ అన్నప్పుడు వాడే ‘నాకు’ లాంటి రూపమే వాడికీ వస్తుంది.