36 పడకల ప్లాన్ 30కి వచ్చేదాకా: వార్డు కట్టించడంలో నా అనుభవం

మా హాస్పిటల్ మూడో అంతస్తులో కొత్త జనరల్ వార్డు వేస్తున్నారు, ఇన్‌చార్జ్ సిస్టర్‌ని కాబట్టి ప్లాన్ చూడమని నన్నూ పిలిచారు. పొడుగు కారిడార్, అటూ ఇటూ గదులు, మొత్తం 36 పడకలు, నర్సింగ్ స్టేషన్ ఏమో లిఫ్ట్ పక్కన. అర్ధరాత్రి చివరి గదిలో ఎవరికైనా ఆయాసం వస్తే ఇక్కడ కూర్చున్న అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

"ఎన్ని పడకలు కావాలో చెప్పండి సిస్టర్, సర్దేద్దాం" అన్నారు ఆర్కిటెక్ట్ గారు. ముందు నైట్ డ్యూటీలో ఎంతమంది ఉంటారో చూద్దాం సర్ అన్నాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం బోధనాసుపత్రి కాని చోట 5 పడకలకు ఒక నర్సు, సెలవుల కోసం ఇంకో 30 శాతం. ఆ లెక్కన 36 పడకలకు అన్ని షిఫ్టులకూ కలిపి తొమ్మిది మంది వస్తారు. పొద్దున ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, నైట్‌కి ఇద్దరు, మిగతావాళ్లకి ఆఫ్. అంటే రాత్రి ఒక్కో సిస్టర్‌కి 18 మంది పేషెంట్లు! పోనీ 16 పడకలతో చిన్న వార్డు చేద్దామంటే నైట్ ఒక్కరే మిగులుతారు, ఆ పిల్ల వాష్‌రూమ్‌కి వెళ్లినా వార్డులో ఎవరూ ఉండరు, నాకు అదే ఎక్కువ భయం.

పడకలు తగ్గించడం మా హాస్పిటల్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి ఇష్టం లేదు, చాలా వాదించాక 30కి ఒప్పుకున్నారు. 15 చొప్పున రెండు భాగాలు, దేని డెస్క్ దానికే, మందుల గది మాత్రం మధ్యలో ఇద్దరికీ కలిపి. ఆధునిక నర్సింగ్‌కి పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ కాలం నాటి వార్డులు కూడా ఇంచుమించు 30 పడకల పొడుగు హాళ్లే. నేను ట్రైనింగ్ చేసిన ప్రభుత్వాసుపత్రిలో అలాంటిదే ఉండేది, మరుగు అనేది లేదు కానీ తలెత్తితే ప్రతి మంచం కనిపించేది. అందుకే డెస్క్ ఎదురు గోడల్లో లోపలి మంచాలు కనిపించేలా గాజు పలకలు పెట్టమని పట్టుబట్టాను.

అసలు సంగతి ఖాళీ స్లాబ్ మీద చాక్‌పీసుతో గీసి, మంచాలు, స్ట్రెచర్, డ్రిప్ స్టాండ్ తెచ్చి పెట్టినప్పుడు బయటపడింది. ప్లాన్‌లో పేషెంట్ తాలూకు మనిషికి ఎక్కడా చోటు లేదు. మన దగ్గర పేషెంట్ ఒక్కడే వస్తాడా? తల్లో, భార్యో రాత్రంతా తోడుంటారు, చాప, ఫ్లాస్కు, క్యారియర్‌తో సహా. మంచాల మధ్య చాప పరిస్తే సిస్టర్ సెలైన్ దాకా వెళ్లలేదు, 2.4 మీటర్ల కారిడార్‌లో పడుకుంటే స్ట్రెచర్ తిరగదు. తగ్గించిన ఆరు పడకల చోటు అక్కడికే పోయింది: ప్రతి మంచం పక్కన పడుకునేంత బెంచీ, దాని కింద సామాను అర, మిగిలినదాంట్లో ఒక ఐసొలేషన్ గది.

బెడ్‌పాన్లు కడిగే గది మాత్రం ఒకవైపే వచ్చింది. పైపులన్నీ అటే ఉన్నాయట. టైల్స్ పడకముందే ఆయమ్మలనీ, ఆర్కిటెక్ట్ గారినీ కలిపి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించి, రెండోది మళ్లీ అడుగుతాను.