అరకు ఘాట్‌లో సైకిలు, వెనకాల ఆర్టీసీ బస్సు

సైకిల్ని బస్సు డిక్కీలో పెట్టడానికి హైదరాబాద్‌లో 600 అడిగాడు. టికెట్టు కాదండోయ్, టికెట్టు వేరే. ముందు చక్రం విప్పి, హ్యాండిల్ తిప్పి, పాత దుప్పట్లో చుట్టి ఇచ్చినా 600లే, పక్కనే ఎవరిదో కొత్త టీవీ పెట్టె ఉంటే దానికి మాత్రం 200 తీసుకున్నాడు. అదేంటి భయ్యా అంటే "సైకిలుకి గ్రీజు ఉంటది సార్" అన్నాడు. ఏ ట్రావెల్సో పేరెందుకులెండి. బేరమాడితే 450కి దిగాడు, అదే గొప్ప అనుకుని ఎక్కేశా.

వైజాగ్‌లో దిగి చక్రాలు బిగించుకుని ఎన్‌ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి దాటి కొత్తవలస చేరేదాకా చెప్పుకోవాల్సింది ఏమీ లేదు, ఆటోలు తప్ప. ఆటోవాడు ఇండికేటర్ వేస్తాడని చూస్తూ కూర్చుంటే మన పని అయిపోయినట్టే. నేను ఆటోని చూడను, ఆటోకి ముందు రోడ్డు పక్కన నిలబడ్డ మనుషుల్ని చూస్తా. అక్కడ ఎవరిదో చెయ్యి లేచిందంటే ఆటో ఎడమకి కొట్టి ఆగడం ఖాయం, ఆ బ్రేకు లైటు (వెలిగితే) తర్వాతెప్పుడో వెలుగుతుంది. ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు కూడా ఒక తలుపు తెరుచుకునేంత దూరం వదిలేస్తా, వెనకాలవాడు హారన్ కొట్టుకుంటే కొట్టుకోనీ. హారన్‌కి దెబ్బ తగలదు, తలుపుకి తగులుద్ది.

రాత్రికి ఎస్.కోటలో లాడ్జి, తెల్లారకముందే బయల్దేరి బొడ్డవర, కాశీపట్నం. అక్కణ్నుంచి ఎక్కుడే ఎక్కుడు. టైడా దాటాక కాళ్ల సంగతి చెప్పను, అందరికీ తెలిసిందే, గంటకి 7 కిలోమీటర్లు వస్తే పండగ.

ఇంతకీ నేను రాద్దామనుకున్నది ఆ బస్సు గురించి.

ఘాట్‌లో నాకో పద్ధతి ఉంది. తిన్నగా ఉన్న రోడ్డు మీద ఎడమ అంచుకి దగ్గరగా పోతా, పూర్తిగా అంచున కాదు, ఒక మూర వదిలి, ఎందుకంటే అంచున కంకర, తడి ఆకులు, తారు విరిగిన చోట్లు ఉంటాయి. మలుపు వస్తోందంటే మాత్రం వెనక్కి ఒకసారి చూసి, చెయ్యి చాపి, నా లేను మధ్యకి వచ్చేస్తా. అంచునే ఉంటే వెనకాల కారువాడికి "పడతాంలే" అనిపిస్తుంది, సగం ముందుకొచ్చాక ఎదుట్నించి ఇంకోటి వస్తుంది, అప్పుడు వాడు ఎటు జరుగుతాడు? నా మీదకే. మధ్యలో ఉంటే వాడికి ఆ ఆశే పుట్టదు. తిట్టుకుంటాడు, కానీ ఆగుతాడు.

అనంతగిరి ఇంకాస్త దూరం ఉందనగా అలాగే మధ్యకి వచ్చా. వెనకాల ఆర్టీసీ బస్సు. ఒకటే హారన్, చెవులు పగిలిపోయేలా. నేను కదల్లేదు, ఆగమన్నట్టు చెయ్యి చూపించి, మలుపు తిరిగి ముందు రోడ్డు ఖాళీగా కనపడ్డాక ఎడమకి జరిగి రమ్మని ఊపా. బస్సు వెళ్లింది, కిటికీల్లోంచి జనమంతా నన్నే చూశారు, ఒక పిల్లోడు టాటా చెప్పాడు.

అనంతగిరిలో టీ కోసం ఆగితే అదే బస్సు అక్కడ ఉంది. డ్రైవరు గారు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు, యాభై దాటి ఉంటాయి, మెడలో తువ్వాలు. నన్ను చూడగానే "ఏటి బాబూ, రోడ్డంతా నీదేనేటి?" అన్నారు. నాక్కూడా అప్పటికే కడుపులో మంటగా ఉంది, "నాది కాదు బాబాయ్, మలుపులో మీరు పక్కనుంచి తోసుకొస్తే నేనెక్కడికి పోవాలి, అవతల లోయ కదా" అన్నా. గొడవ అవుతుందనుకున్నా. ఆయన జరిగి బల్ల మీద చోటిచ్చారు.

కండక్టరు దగ్గర టికెట్ మిషను తీసుకుని బల్ల మీద పెట్టారు, అది బస్సు. జేబులోంచి అగ్గిపెట్టె తీశారు, అది నేను. "ఎడమ మలుపు సూడు. ముందు చక్రం ఎల్లిన దారిలో ఎనక చక్రం రాదు. లోపలికి కోసేస్తది." మిషను తిప్పితే నిజంగానే దాని వెనక మూల అగ్గిపెట్టెని బల్ల అంచుకి నెట్టేసింది. "ఇప్పుడు కుడి మలుపు. మూతి కుడికి పోద్ది, తోక ఎడమకి ఊగుద్ది. నువ్వు తోక పక్కనున్నావనుకో?" ఈసారి అగ్గిపెట్టె కింద పడింది, టీ కొట్టావిడ తీసి ఇచ్చింది. "అద్దంలో నువ్వు కనపడతావా అంటే ఒకోసారి కనపడతావు, ఒకోసారి కనపడవు. మలుపులో నా పక్కన ఉండొద్దు బాబూ. నా ముందుండు, లేదంటే నా ఎనకుండు."

అదే కదా నేను చేసింది అన్నా. "చేశావులే. చెయ్యి కూడా సూపించావు. అందుకే కూర్చోబెట్టి మాట్లాడుతున్నా" అన్నారు. ఆయన బాధంతా మధ్యకి వచ్చేవాళ్ల గురించి కాదంట, చెప్పకుండా వచ్చేవాళ్ల గురించి. శని ఆదివారాలు చెవుల్లో పాటలు పెట్టుకుని వస్తారు, గుంత కనపడగానే వెనక్కి చూడకుండా కుడికి కోస్తారు, బస్సేమో వాళ్ల వెనకాల పది అడుగుల్లో. "నువ్వు ఎటు పోతావో నాకు ముందు తెలిస్తే చాలు. మెల్లగా పోతావా పో, నాకేటి."

మరి హారన్ ఎందుకు కొట్టారు అని అడిగా. "ఉన్నానని చెప్పడానికి. మలుపులో ఎదుటోడికి కూడా చెప్పాలి కదా." ఇది నేను సగమే ఒప్పుకుంటా. మలుపు ముందు పొట్టిగా రెండుసార్లు కొడితే అది కబురు, వెనకాలే అరనిమిషం నొక్కిపట్టుకుంటే అది తిట్టే. ఆయన నవ్వి ఊరుకున్నారు, ఒప్పుకోలేదు.

మా పిన్ని కొడుకు జర్మనీలో ఉంటాడు, వాడక్కడ సైకిలు మీదే ఆఫీసుకి పోతాడు. అక్కడ కారు సైకిల్ని దాటాలంటే ఊళ్లో కనీసం మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు వదలాలని 2020లో రూల్లోనే అంకె వేసి రాశారు. అది చెప్తే డ్రైవరు గారికి దగ్గొచ్చింది నవ్వలేక. "బస్సే రెండున్నర మీటర్లు బాబూ. ఆపైన నీకు రెండు వదలాలంటే కొండని జరపాలి." మరి అప్పుడేం చేస్తారంటే, "ఏటి చేస్తాం, నీ ఎనకాలే వస్తాం." ఇది విన్నాక నాకు కోపం చాలావరకు పోయింది, నిజం చెప్పాలంటే. దాటే చోటు లేకపోతే దాటకపోవడం కదా కావాల్సింది, అది ఆయన చేస్తూనే ఉన్నారు, హారన్ కొడుతూ.

కానీ ఒకటి అన్నారు, అది ఎక్కుడంతా బుర్రలో తిరిగింది. ఎక్కుడులో నిండు బస్సు ఆగితే మళ్లీ కదలడానికి ఫస్టు గేరు, క్లచ్చి వాసన, వెనక్కి జారకుండా హ్యాండ్ బ్రేకు, నానా తిప్పలు. "నీ ఎనకాల యాబైమంది ఉన్నారు. వెడల్పు చోటు కనపడితే ఒక్క అడుగు పక్కకెళ్లి నిలబడు, మేం పోతాం, నువ్వు నీళ్లు తాగు." టీ డబ్బులు ఆయనే ఇచ్చేశారు, నేను జేబులో చెయ్యి పెట్టేలోపే.

ఆ తర్వాత గాలికొండ దాకా అలాగే చేశా. వెనకాల రెండు మూడు బళ్లు చేరితే వెడల్పు చోట ఆగి పంపించేయడం. నాకూ ఊపిరి తీసుకున్నట్టు అయ్యింది. ఆర్టీసీవాళ్లు, లారీలవాళ్లు దాదాపు అందరూ చెయ్యి ఊపి వెళ్లారు. ఊపనిది టూరిస్టు కార్లే. కోతులు కనపడితే చాలు, ఇండికేటర్ లేదు ఏమీ లేదు, మలుపు మధ్యలో బ్రేకు కొట్టి అరటిపళ్లు విసరడం. ఇరుకు కొండ దారిలో కిందకి దిగేవాళ్లే ఆగి, ఎక్కేవాళ్లకి దారివ్వాలని 2017 డ్రైవింగ్ నియమాల్లో ఉంది, ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకి చదువుకునేదే. అయినా ఒక తెల్ల ఎస్‌యూవీ లైట్లు కొడుతూ నా లేనులోకి దిగింది, నేను కాలువ పక్కకి దిగి నిలబడితే లోపలున్నాయన వేలు చూపించి "సైడు సైడు" అంటున్నాడు. నేనున్నదే సైడు స్వామీ.

అరకులో బొంగులో చికెన్ 350, ముక్కలు మాత్రం లెక్కపెట్టేన్నే. అరకు గురించి ఇంతకన్నా చెప్పను, అందరూ రాసేశారు.

అక్కడ లాడ్జిలో వైజాగ్ నుంచి వచ్చిన సైకిలు గ్రూపు కలిసింది, అందులో ఇద్దరు బ్రెవేలు చేసేవాళ్లు, అంటే 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేసే రకం. దిగేటప్పుడు కొంతదూరం వాళ్లతో కలిసి వచ్చా, చూడముచ్చటగా ఉంది. ఒకరి వెనక ఒకరు, మధ్యలో ఖాళీ. ముందున్నాయన గుంత వస్తే చెయ్యి కిందకి చూపిస్తాడు, వెనకున్నావిడ బండి వస్తే "కార్ బ్యాక్" అని అరుస్తుంది, ఆ అరుపు వరసంతా పాకుతుంది. పగలే అందరికీ వెనక ఎర్ర లైటు, పొగమంచు ఉంది కాబట్టి. దిగుడులో వీళ్లు బ్రేకు నొక్కిపట్టుకుని రారు, మలుపు ముందే వేగం తగ్గించి, మలుపులో వదిలేస్తారు. దిగేటప్పుడు సైకిలూ బస్సూ ఒకటే వేగం, కాబట్టి లేను మధ్యలోనే రావాలి, అంచుకి పోతే కంకరలో జారడమే.

మా హైదరాబాద్ గ్రూపుల్ని తల్చుకుంటే సిగ్గేసింది, ముగ్గురు ముగ్గురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ ఓఆర్ఆర్ సర్వీసు రోడ్డు మీద. 2023 అక్టోబరులో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు కదా నార్సింగి, నానక్‌రాంగూడ వైపు, బాగుంటుంది, నేనూ వెళ్తా. కానీ అక్కడ బస్సు లేదు, ఆటో లేదు, గేదె లేదు. అక్కడ సైకిలు తొక్కడం వస్తుంది, ఇంకొకరితో రోడ్డు పంచుకోవడం రాదు. పైగా ఆ ట్రాక్ మీద ఫ్యామిలీలు అడ్డంగా నడుస్తుంటే మనవాళ్లు బెల్లు కొట్టి తిట్టుకుంటారు, అచ్చం బస్సు డ్రైవర్లు మనల్ని తిట్టుకున్నట్టే.

బెల్లంటే గుర్తొచ్చింది. నా సైకిలుకి ఎస్.కోటలో 60 రూపాయలకి మామూలు ఇనప గంట బిగించుకున్నా, కార్బన్ సైకిలుకి గంటేంటని గ్రూపులో కుర్రాడొకడు నవ్వాడు. సుంకరమెట్ట దగ్గర రోడ్డు పక్కన బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వరసగా నడుస్తున్నారు. ఆ కుర్రాడు చప్పుడు లేకుండా వాళ్ల మోచేతులకి ఆనుకున్నట్టు దూసుకుపోయాడు, ఒకావిడ ఉలిక్కిపడి బుట్ట కింద పడేసుకుంది, అల్లమంతా రోడ్డు మీద. బస్సు వస్తే చప్పుడు వస్తుంది, వాళ్లు పక్కకి తప్పుకుంటారు. సైకిలు వస్తే ఏం వినపడుతుంది? అక్కడ బస్సు మనమే. గ్రూపు లీడరు అందర్నీ ఆపి అల్లం ఏరించాడు, ఆ కుర్రాడితో క్షమాపణ చెప్పించాడు, ఆవిడ మాత్రం మా అందర్నీ వాళ్ల భాషలో చాలాసేపు తిట్టింది, అర్థం కాకపోయినా అర్థమైంది.

ఈ రోడ్డు ఇప్పుడు 516ఈ జాతీయ రహదారి. వెడల్పు చేస్తే సంతోషమేగానీ, వెడల్పయితే కార్లవాళ్లు ఇంకా తొక్కుతారు, నడిచేవాళ్లకి అంచున చోటు వదలకపోతే ఆ బుట్టలవాళ్లు ఎక్కడ నడవాలో నాకైతే తెలీదు. వెళ్లేవాళ్లకి ఒకటే చెప్తా: ఆదివారం వద్దు, వారం మధ్యలో ఎస్.కోట నుంచి చీకటితో బయల్దేరండి, టూరిస్టు కార్లు లేచేసరికి టైడా దాటేస్తారు. అనంతగిరిలో టీ 15.